ఓడలో పగటి భోజనానికి వదిన కట్టుకున్న చీర

సముద్రంలో తిప్పి తెచ్చే ఓడ ఎక్కి వచ్చానని తెలిసినప్పటి నుంచి మా స్కూల్లో అందరూ అడిగేవి రెండే: ఫోటోలేవి, తిండి ఎలా ఉంది? ఫోటోలు పెద్దగా తీయలేదు. తిండి గురించి చెప్పగలను. కానీ ఆ ఓడలో పగలు అన్నం తినడానికి ఏం కట్టుకొని వెళ్లాలన్నదే మాకు ఎక్కువ కష్టమైంది. మా ఊరివాళ్లెవరైనా వెళ్లాలనుకుంటే పనికొస్తుందేమోనని ఇది రాస్తున్నాను. రాయాలంటే ముందు మా వదిన గురించి చెప్పాలి.

ధర్మవరం

మా అన్నది ధర్మవరంలో పట్టుచీరల మగ్గాల పని. వదిన పేరు రుక్మిణి. నేను అనంతపురంలో హైస్కూలు టీచరును. రెండేళ్ల కిందట బెంగళూరులో వదినకు ఎడమ రొమ్ము తీసేశారు. చంక కింది గడ్డలు కూడా తీశారు. కొన్నాళ్లకు ఆ చెయ్యి వాయడం మొదలైంది. భుజం నుంచి మణికట్టు దాకా ఒకే లావు. మోచేతి దగ్గర మడతే కనపడదు. గాజులు కుడిచేతికి మాత్రమే. జాకెట్టు చెయ్యి ఏదీ పట్టదు. బిగువైన బట్ట ఆ చేతికి తగలకూడదని డాక్టరు కూడా చెప్పారు.

ఇల్లంతా పట్టు నూలు, జరీ, మడత పెట్టిన చీరలు. వాటి మధ్య వదిన పొద్దున నుంచి రాత్రి దాకా వదులు నైటీలో, భుజాల మీద టవలుతో తిరిగేది. మా వైపు ఆడవాళ్లు ఇంట్లో నైటీలోనే ఉంటారు కనుక ఎవరికీ వింతగా తోచలేదు. పెళ్లిళ్లకు, పేరంటాలకు మాత్రం వెళ్లడం మానేసింది. చీర కట్టకుండా వెళ్లడం కుదరదు. కడితే జాకెట్టు లేదు. కొత్తగా కుట్టించమంటే దర్జీ ముందు చెయ్యి చాపడానికి ఒప్పుకోలేదు. చెయ్యి సంగతి బయట ఎవరికీ చెప్పలేదు కాబట్టి, వదినకు గర్వం పెరిగిందని ఊళ్లో అనుకున్నారు.

ఈ ఏడాది జబ్బు ఎముకల్లోకి పాకిందని తెలిసింది. డాక్టరు ఆ మాట నాకూ అన్నకూ గది బయట చెప్పారు. కారులో తిరిగి వస్తూ పెనుకొండ దాటాం. రోడ్డుకు రెండు వైపులా విత్తనం పడని చేలు. వదిన కిటికీ లోంచి వాటిని చూస్తూ అంది.

"సుజాతా, నాకు ఓడ ఎక్కల్లని ఉండాది."

"ఓడా? ఏంటికి వదినా?"

"ఫోన్లో చూసినా. మజ్జాన్నం పెద్ద హాల్లో అందురూ కూర్చొని తింటా ఉంటారు. ఆడ మనల్ని ఎరిగినోళ్లు ఎవరూ ఉండరు గదా. నలుగురితో కూర్చొని ఒక పూట అన్నం తిని వస్తా."

కారు నడుపుతున్న అన్న తల తిప్పకుండానే అన్నాడు. "నీళ్లు చూసేకి అంత దూరం ఏంటికి? డ్యాముకు పిల్చుకొని పోతాలే."

"ఆ డ్యాములో నీళ్లు యాడుండాయప్పా?" అంది వదిన.

అన్న వారం తిరక్కుండానే మా ఇద్దరికీ టికెట్లు కొన్నాడు. తాను మాత్రం రానన్నాడు. మగ్గం మీద చీర ఆగిపోతుందన్నాడు. అది సాకేనని నాకు తెలుసు. డాక్టరు ఆ మాట చెప్పిన రోజు నుంచి అన్న వదిన ఎదురుగా ఒక్క నిమిషం కూర్చోలేకపోతున్నాడు.

పెట్టె సర్దడం

ఓడవాళ్లు ఫోనుకు ఒక మెసేజీ పంపారు. భోజనాల హాలుకు పగలు మామూలు బట్టలు చాలు, నిక్కర్లయినా ఫరవాలేదు. తడిసిన ఈత బట్టలతోనో, చెప్పుల్లేకుండానో, రాత్రి పడుకునే బట్టలతోనో రాకూడదు. నేను చదివి చెప్పాను.

"రాత్రి బట్టలంటే?"

"నైటీలు వదినా."

"తినేకి గూడా యూనిఫారమా?" అని నవ్వింది. నవ్వి, పెట్టెలో నైటీలే పెట్టుకుంది. నేను అనంతపురంలో కొన్న రెండు వదులు కుర్తాలు తెచ్చాను. అన్న ఏమీ అనకుండా బీరువాలోంచి ఒక చీర తీసి అన్నిటికంటే పైన పెట్టాడు. ముదురు ఆకుపచ్చ, వంగపండు రంగు అంచు. పెళ్లయిన కొత్తలో ఇద్దరూ కలిసి నేసిన చీర. వదిన దాన్ని తీసి అడుగున పెట్టింది. పైన తన చెనిక్కాయల పొడి, అదే వేరుశనగ పొడి, డబ్బా పెట్టింది.

రైల్లో

కదిరి దాటాక ఎదురు సీట్లోకి రాయదుర్గానికి చెందిన ఒకామె వచ్చింది. జీన్సు ప్యాంట్లు కుట్టే చోట పనిచేస్తుందట. చెన్నైలో ఉన్న అక్క దగ్గరకు పోతోంది. కూర్చున్న కాసేపటికే ఓళిగలు, అంటే బొబ్బట్లు, తీసి మాకు చెరొకటి పెట్టింది. వదిన అందుకోబోతే టవలు జారింది.

"ఏమక్కా, చెయ్యి అట్లయిందే?" అంది ఆమె, దాచుకోకుండా.

"వాచిందమ్మా."

"నొస్తాందా?"

"అప్పుడప్పుడు."

ఆమె ఇంకేమీ అడగలేదు. కానీ దిగేదాకా ఆ చేతినే చూస్తూ కూర్చుంది. వదిన ఓళిగను తుంచి తుంచి, కిటికీ వైపు తిరిగి తిన్నది. తర్వాత నాతో చిన్నగా అంది. "అడిగినా బాధే, అడగకపోయినా బాధే సుజాతా."

చెన్నై రేవు

ఓడను చూడగానే వదిన నిలబడిపోయింది. ధర్మవరంలో ఒక వీధి వీధిని తెచ్చి నిలువుగా పేర్చినట్టుంది. లోపలికి వెళ్లేముందు సామాన్లు వెతికే చోట చెనిక్కాయల పొడి పట్టుకున్నారు. ఇంటి తిండి లోపలికి తీసుకుపోకూడదట. నేను ఎంత చెప్పినా వినలేదు. డబ్బాను పక్కనున్న బుట్టలో పడేశారు. అందులో ఎవరివో మామిడికాయ ఊరగాయ, ఎవరివో చపాతీలు అప్పటికే ఉన్నాయి.

"చెత్తబుట్టలో మన అన్నం వాసన వస్తాంది" అంది వదిన.

మా గది చిన్నదే. గుండ్రటి అద్దం లోంచి సముద్రం కనపడుతుంది. వదిన చాలాసేపు దాని ముందు నిలబడింది. నేను ఏదో గొప్ప మాట వస్తుందని ఎదురు చూశాను.

"ఇంతేనా?" అంది. "మన చేన్ల మాదిరే ఉండాది. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఏమీ లేదు."

హాలు గుమ్మం

ఆ మధ్యాహ్నమే మొదటి భోజనం. కుర్తా తొడుక్కోమన్నాను. చెయ్యి వదులుగానే ఉంది, పట్టింది. వదిన అద్దంలో చూసుకుంది. ఒక వైపు ఎత్తుగా, ఒక వైపు చదునుగా కనపడుతోంది. పైట లేదు కప్పుకోవడానికి. చున్నీ వేసి చూశాను. అది నిలవడం లేదు. వదిన కుర్తా తీసేసి మంచం మీద పెట్టింది.

"ఇది నేను కాదు సుజాతా. నైటీ మీద శాలువా కప్పుకొని వస్తా. కాళ్ల దాకా ఉండాది, ఎవరికి తెలుస్తుంది?"

కొత్త నైటీయే. ఎర్రటి బట్ట మీద చిన్న తెల్ల పూలు. శాలువా కప్పుకుంటే నాకే తేడా తెలియలేదు. సరేనన్నాను.

హాలు గుమ్మం దగ్గర నల్ల కోటు తొడుక్కున్న ఆయన అందరికీ నమస్కారం పెడుతున్నాడు. మా ముందు ఒక కుటుంబం లోపలికి వెళ్లింది. తండ్రికి మోకాళ్ల పైకి నిక్కరు, తల్లికి భుజాలు కనపడే గౌను. వాళ్లకు నవ్వుతూ దారి ఇచ్చాడు. వదినను చూసి, ఒక అడుగు ముందుకొచ్చి, గొంతు తగ్గించి హిందీలో అన్నాడు. "క్షమించండమ్మా, రాత్రి బట్టలతో లోపలికి పంపలేను. మార్చుకొని రండి, మీకు చోటు ఉంచుతాను."

మర్యాదగానే చెప్పాడు. కానీ మా వెనుక వరుస ఉంది. వాళ్లందరూ చూశారు. మా వదినకు ఉర్దూ మాటలు బాగానే తెలుసు. నేను అనువదించాల్సిన అవసరం రాలేదు. శాలువా బిగించుకొని వెనక్కి తిరిగింది.

గదికి వెళ్లాక నేనొక్కదాన్నే పోయి పళ్లెంలో పెరుగన్నం, బంగాళాదుంప కూర తెచ్చాను. ఏ కూరలోనూ కారం లేదు. వదిన మంచం అంచున కూర్చొని తిన్నది.

"గుడ్డ ఎక్కువుంటే అడ్డం, తక్కువుంటే లేదా?" అంది. ఆ తర్వాత ఇంకోటి అంది. "ఊర్లోనూ గదిలోనే తింటాండా. ఈడా గదిలోనే తింటాండా. గది మారిందంతే."

నాకు కోపం ఎవరి మీద చూపాలో తెలియలేదు. ఆ మనిషి తన పని తాను చేశాడు. నేనే ముందు గట్టిగా ఆపి ఉండాల్సిందేమోనని ఆ సాయంత్రమంతా అనిపించింది. రాత్రి భోజనానికి వదిన రానంది.

నడి సముద్రం

మరునాడు ఓడ ఎక్కడా ఆగదు. పొద్దున నేను లేచేసరికి వదిన పెట్టె అడుగు నుంచి ఆ ఆకుపచ్చ చీర తీసి ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఒంటి మీద అదే ఎర్ర నైటీ.

"జాకెట్టు లేదు గదా వదినా" అన్నాను.

"ఇదే జాకెట్టు. దీని మీదే కడ్తా. పట్టుకో."

నేను కుచ్చిళ్లు పోశాను. వదిన ఎడమ చెయ్యి పైకి లేపలేకపోయింది కాబట్టి పైట నేను వెనక నుంచి తిప్పి తెచ్చి, పిన్నులు పెట్టి, వాచిన చెయ్యి మొత్తం కప్పేలా వదిలాను. బరువైన చీర. మధ్యలో రెండుసార్లు కూర్చోవాల్సి వచ్చింది. నడుం దగ్గర నైటీ గుట్టగా పోగైంది. దాన్ని లోపలికి నెట్టి, మళ్లీ కట్టాం. అయ్యేసరికి పొద్దుటి టిఫిను వేళ దాటిపోయింది. వదిన ఒళ్లంతా చెమట. కానీ అద్దంలో చూసుకొని తల ఊపింది. మెడ దగ్గర తెల్ల పూల ఎర్ర బట్ట, కింద ఆకుపచ్చ పట్టు. చూసేవాళ్లకు అదొక కొత్త రకం జాకెట్టు.

మధ్యాహ్నం హాలుకు వెళ్లాం. గుమ్మం దగ్గర అదే మనిషి. ఆయన వదినను గుర్తుపట్టాడో లేదో తెలియదు. చేతులు జోడించి, "రండమ్మా" అని తానే ముందు నడిచి కిటికీ పక్క బల్ల చూపించాడు.

హాల్లో దాదాపు అందరూ టీషర్టుల్లో, నిక్కర్లలో ఉన్నారు. పట్టు చీర వదిన ఒక్కతే. తలలు తిరిగాయి. కాసేపటికి పక్క బల్ల నుంచి తెలుగు వినపడింది.

"ధర్మవరం చీర కదండీ? అంచు చూస్తేనే తెలుస్తోంది."

ఆమె పేరు భారతి. భీమవరం వైపు వాళ్లు. భర్తతో వచ్చింది. మోకాళ్ల కింది దాకా నీలం గౌను వేసుకుంది. మా పక్కకు వచ్చి కూర్చోవచ్చా అని అడిగి, భర్తను, పళ్లేలను కూడా తెచ్చుకుంది.

"నా జన్మలో గౌను వేసుకోవడం ఇదే మొదటిసారండీ. మా ఊళ్లో అయితే మా అత్తగారు గుమ్మం తొక్కనివ్వరు. ఇక్కడ ఎవరు చూస్తారని వేసేసుకున్నా."

"నేనూ ఎవరు చూస్తారనే కట్టుకొని వచ్చినా" అంది వదిన. ఇద్దరూ నవ్వారు.

వదిన తిన్నది. అంతగా తినడం ఏడాదిగా నేను చూడలేదు. అన్నం, పప్పు, వేయించిన చేప ముక్క. స్పూను పక్కన పెట్టి చేత్తో కలుపుకుంది. ఆ చీర ఎలా నేశారో భారతి గారు అడుగుతుంటే చెప్పింది. ఒకే బట్ట రెండు రంగుల్లో మెరవాలంటే నిలువు నూలు ఒక రంగు, అడ్డ నూలు ఒక రంగు ఉండాలని, అంచు దగ్గర మా అన్న తప్పు చేస్తే తానే విప్పించి మళ్లీ నేయించానని చెప్పింది. వదిన గొంతు అంత బిగ్గరగా వినపడి చాలా కాలమైంది.

భారతి గారి భర్త ఉప్పు డబ్బా అందించమన్నాడు. అది వదిన ఎడమ పక్కనుంది. వదిన అలవాటుగా ఆ చెయ్యి చాపింది. పైటకు పెట్టిన పిన్ను ఊడింది. పట్టు జారింది. చెయ్యి మొత్తం బల్ల మీద కనపడింది.

భారతి గారు చూసింది. ఆమె ముఖంలో నవ్వు పోయింది.

"అయ్యో... మీకు ఆపరేషన్ అయిందాండీ? మా పెద్దమ్మ కూతురికి కూడా అచ్చు ఇలాగే. ఎక్కడ చూపిస్తున్నారు? అది ఎన్ని హాస్పిటళ్లు తిరిగిందో! చివరికి లివరుకు..."

"భారతీ" అన్నాడు భర్త.

"కాదండీ, తెలిస్తే మంచిదని. హైదరాబాదులో ఒక డాక్టరున్నాడు. కాకపోతే దానికి అప్పటికే ఆలస్యమైపోయింది, పాపం..."

నేను పైట సర్దబోయాను. వదిన నా చెయ్యి ఆపింది. తన చెయ్యి బల్ల మీదే ఉంచింది. కుడి చేతిలో కలిపిన ముద్ద అలాగే ఉంది.

"అమ్మా" అంది వదిన. "అన్నం తినేతప్పుడు ఆస్పత్రి మాట వద్దమ్మా. అది లేకుండా తినేకే ఇంత దూరం వచ్చినా. నీ పళ్లెంలో ఆ చేప ఎట్లుండాదో చెప్పు."

ఓడ కదలికకు గ్లాసుల్లో నీళ్లు ఊగాయి. భారతి గారి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆమె తల వంచుకొని ఒక ముక్క తిని చెప్పింది.

"ఉప్పు తక్కువండీ. మా ఇంట్లో ఇలా వండితే నా మొగుడు కంచం విసిరేస్తాడు."

"నేనెప్పుడు విసిరాను?" అన్నాడాయన.

వదిన ముద్ద నోట్లో పెట్టుకుంది. తర్వాత భోజనం అయ్యేదాకా చేపల గురించే మాట్లాడుకున్నారు. మా రాగి సంగటి, దానిలోకి నంజుకునే ఊరుబిండి పచ్చడి సంగతి కూడా వచ్చింది. కానీ మొదట్లో ఉన్నంత గొంతు ఇద్దరికీ మళ్లీ రాలేదు. చెయ్యి మాత్రం వదిన కప్పుకోలేదు.

భోజనం తర్వాత పైకి వెళ్లి గాలికి కూర్చున్నాం. కాఫీ ధర చూసి నేను వద్దనుకున్నాను. ఆ డబ్బుకు ధర్మవరం బస్టాండులో ఒక బెంచీ మొత్తానికి కాఫీ పోయించవచ్చు. వదిన తాగుతానంది, తెచ్చాను. ఒక గుటక తాగి పక్కన పెట్టింది. ముఖం పాలిపోయి ఉంది. నొప్పి తెలుస్తోంది.

"మాత్ర ఏసుకుంటావా వదినా?"

"ఏసుకుంటే నిద్దర వస్తుంది. ఇంకొంచేపు చూస్తాండా." తర్వాత అంది, "ఆయమ్మ తప్పేం లేదు. భయమేసి మాట్లాడింది. మీ అన్న భయమేసి గమ్మునుంటాడు. అంతే తేడా."

సాయంత్రం చీర విప్పుతుంటే నడుం చుట్టూ ఎర్రగా వాతలు పడి ఉన్నాయి. ఓడ రేవు చేరేదాకా వదిన మంచం దిగలేదు. దిగే రోజు పొద్దున భారతి గారు మా గదికి వచ్చి, పండ్ల పళ్లెం పెట్టి, కాసేపు కూర్చొని వెళ్లింది. ఒక్క ఆస్పత్రి మాట ఎత్తలేదు. అది ఆమెకు ఎంత కష్టమైందో ముఖంలోనే తెలిసింది.

మళ్లీ ధర్మవరం

స్టేషనుకు అన్న వచ్చాడు. మేం వెళ్లినప్పుడున్న మబ్బు కూడా ఇప్పుడు లేదు. చేలల్లో చెనిక్కాయ మొలకలు జానెడు లేచి వాడిపోయాయి.

"సముద్రం ఎట్లుండాది?" అని అడిగాడు అన్న, ఆటోలో.

"బాగుండాది. అన్నం ఇంకా బాగుండాది" అంది వదిన.

శ్రావణంలో పక్క వీధిలో గృహప్రవేశానికి పిలిచారు. వదిన వెళ్తానంది. నేను అనంతపురం నుంచి వచ్చి, ఓడలో కట్టినట్టే కట్టాను. చెయ్యి కప్పకుండా వెళ్లింది. పంక్తిలో కూర్చుంటే అటూ ఇటూ ఆడవాళ్లు గుసగుసలాడారు. ఇంటావిడ వచ్చి, "ఇన్నాళ్లూ చెప్పకపోతివే రుక్మిణీ, మేమేమో ఏమేమో అనుకుంటిమి" అని వదిన తల నిమిరింది. వదిన ఓళిగ మీద నెయ్యి వేయించుకొని తిన్నది.

అదే ఆఖరు. తర్వాత వారానికి జ్వరం వచ్చింది, నడుం ఎముక విరిగింది. ఇప్పుడు లేచి కూర్చోలేకపోతోంది. దిండు ఎత్తి పెట్టి తినిపించాలి. సెలవు పెట్టి నేను ఇక్కడే ఉన్నాను. ఇది రాస్తున్నది కూడా వదిన మంచం పక్కనే.

నిన్న మధ్యాహ్నం నేను అన్నం కలుపుతుంటే మగ్గం చప్పుడు ఆగింది. అన్న లోపలికి వచ్చాడు. చేతిలో తన పళ్లెం ఉంది. ఇన్ని నెలలుగా వాకిట్లో ఒక్కడే తినే మనిషి. మంచం పక్కన నేల మీద బాసింపట్టు వేసుకొని కూర్చున్నాడు. లుంగీ మీద చెమటకు తడిసిన బనియను. వదిన కళ్లు తెరిచి అతన్ని చూసింది. చాలాసేపు చూసింది.

"అంగీ తొడుక్కొని రాప్పా" అంది. "నలుగురితో కూర్చొని తినేకి వస్తివి."

అన్న పళ్లెం కింద పెట్టి లేచి వెళ్లాడు. పక్క గదిలో బీరువా తలుపు తెరిచిన చప్పుడైంది. ఉతికిన తెల్ల అంగీ తొడుక్కొని, మెడ దాకా గుండీలన్నీ పెట్టుకొని వచ్చి కూర్చున్నాడు. వదిన రెండు ముద్దలు తిన్నది. అతను పళ్లెమంతా తిన్నాడు.